ఫలాపేక్ష, ఫలపరీక్ష

ఒక ప్రభుత్వ పథకం వల్ల ప్రజలకు మేలు జరిగిందా, జరిగితే ఎవరికి, ఎంత, ఆ మేలు పథకం వల్లనే కలిగిందని దేన్నిబట్టి చెప్పగలం? ఈ ప్రశ్నలకు ఆధారాలతో జవాబు వెతికే పనిని మూల్యాంకనం అంటారు. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ఇది ఒక వృత్తిగా స్థిరపడింది. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది ఏళ్లకే, 1952లో, భారత ప్రణాళికా సంఘం కింద ప్రోగ్రామ్ ఇవాల్యుయేషన్ ఆర్గనైజేషన్ ఏర్పడింది. సమాజాభివృద్ధి పథకం ఊళ్లలో ఎలా నడుస్తోందో చూడడం దాని మొదటి బాధ్యత. అమెరికాలో 1986లో రెండు సంఘాలు కలిసి అమెరికన్ ఇవాల్యుయేషన్ అసోసియేషన్‌గా మారాయి. 2001లో ప్రపంచ బ్యాంకు, కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయం కలిసి ఈ విద్యలో అంతర్జాతీయ శిక్షణ మొదలుపెట్టాయి. ఇలాంటి శిక్షణల్లో నమూనా ఎంచుకోవడం, ప్రశ్నావళి తయారుచేయడం, లెక్కలు కట్టడం, నివేదిక రాయడం నేర్పుతారు. అన్నీ కావలసినవే. అయితే ఈ పనితనం అంతా ఒక పాత ధర్మసందేహం మీద నిలబడి ఉంది. మేలు చేసినవాళ్లు ఆ మేలు ఫలించిందో లేదో లెక్క చూడవచ్చునా? చూస్తే అది ఫలాపేక్ష కాదా?

ఈ సందేహాన్ని తేలికగా తీసివేయడానికి వీల్లేదు. గీతలోని నిష్కామకర్మ బోధ కర్తను ఫలం మీద మమకారం వదులుకోమంటుంది. మత్తయి సువార్త, ఖురాన్ కూడా గుట్టుగా చేసే దానాన్నే మిన్నగా చెప్పాయి. చేసిన సాయాన్ని కొలిచి, పట్టికలు గీసి, నివేదికలుగా అచ్చువేయడం ఈ సంప్రదాయాలన్నిటికీ ఎదురు నడిచినట్టు కనిపిస్తుంది. సేవాసంస్థల్లో చిత్తశుద్ధితో పనిచేసేవారు చాలామంది మూల్యాంకనం మాట వినగానే నొచ్చుకోవడానికి కారణం ఇదే. వారి నొప్పి దొంగతనం బయటపడుతుందన్న భయం కాదు. ప్రేమతో చేసిన పనిని తూకం వేస్తున్నారన్న బాధ.

చిక్కు విడదీయాలంటే ఇక్కడ ఫలాలు రెండని గుర్తించాలి. కర్తకు వచ్చే ఫలం ఒకటి. పుణ్యం, పేరు, పదోన్నతి, ఓటు, మనసుకు తృప్తి, ఇవన్నీ అందులోవి. గ్రహీతకు అందే ఫలం మరొకటి. బిడ్డ కడుపులోకి వెళ్లిన అన్నం, చేతికొచ్చిన కూలి, వచ్చిన చదువు, తగ్గిన జ్వరం ఆ కోవలోవి. వదులుకోమని శాస్త్రం చెప్పింది మొదటిదాన్ని. రెండోది కర్తది కానేకాదు. తనది కానిదాన్ని త్యాగం చేయడం ఎవరికీ సాధ్యం కాదు. బడిలో మధ్యాహ్నం వండిన అన్నం పిల్లలు తినగలిగేలా ఉందా అని చూడకుండా, వడ్డించడంతో తన కర్తవ్యం తీరిందనుకునేవారు నిష్కాములు కారు, ఉదాసీనులు.

గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు రకాలుగా విడదీస్తూ సాత్త్వికదానానికి దేశం, కాలం, పాత్ర చూడాలంటుంది. తగని చోట, తగని వేళ, ఆదరణ లేకుండా, చిన్నచూపుతో ఇచ్చినదాన్ని తామసమంటుంది. అంటే ఇచ్చిన వస్తువు ఒకటే అయినా, అది ఎవరికి, ఎప్పుడు, ఎలా చేరిందన్నదాన్నిబట్టి దానం గుణమే మారిపోతుంది. ఇది ఎవరైనా విచారించి తెలుసుకోవలసిన సంగతి. పింఛను మొత్తం సరిగ్గానే ఇచ్చి, ముసలివాళ్లను పొద్దున్నుంచి సాయంత్రందాకా ఎండలో కూర్చోబెట్టిన కార్యాలయాన్ని డబ్బు లెక్కలు మాత్రమే చూసేవారు తప్పు పట్టలేరు. దేశకాలపాత్రలు చూసేవారు పడతారు. పైగా ప్రభుత్వ పథకం అసలు దానమే కాదు. అక్కడ ఖర్చయ్యేది ప్రజల సొమ్ము, ఇచ్చే అధికారి దాత కాడు, ధర్మకర్త. ధర్మకర్త లెక్క చెప్పడం ఫలాపేక్ష కిందికి రాదు, చెప్పకపోవడమే దోషం.

ఫలం చూడడం ధర్మమే అని ఒప్పుకున్నాక అంతకన్నా గట్టి ప్రశ్న ఎదురవుతుంది. ఫలం ఈ పథకం వల్లనే వచ్చిందని తెలుసుకునే దారి ఏది?

భారతీయ తర్కశాస్త్రం ఈ చిక్కును బాగా ఎరుగును. పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం తరతరాలుగా న్యాయశాస్త్రానికి తొలి పాఠ్యగ్రంథం. కార్యానికి ముందు తప్పనిసరిగా ఉండేదే కారణమని అది నిర్వచిస్తుంది. ముందు ఉన్నంత మాత్రాన చాలదని నైయాయికులు వెంటనే హెచ్చరించారు. కుండ తయారు కావడానికి ముందు మట్టి మోసుకొచ్చిన గాడిద కూడా అక్కడే ఉంది. గాడిద లేకపోయినా మట్టి మరోలా వచ్చేది, కుండ తయారయ్యేది. అందుకని గాడిద కారణం కాదు, అన్యథాసిద్ధం. ఏది నిజంగా కారణమో, ఏది పక్కన ఉండి పేరు కొట్టేస్తోందో తేల్చడానికి వారు అన్వయ వ్యతిరేకాలను చూశారు. కారణం ఉన్నచోట కార్యం ఉండడం అన్వయం, కారణం లేనిచోట కార్యమూ లేకపోవడం వ్యతిరేకం. పొగనుబట్టి నిప్పును ఊహించే ప్రసిద్ధ ఉదాహరణలో వంటిల్లు మొదటిదానికి, మడుగు రెండోదానికి దృష్టాంతాలు.

మూల్యాంకనంలో శిక్షణ పొందేవారు మొట్టమొదట నేర్చుకోవలసింది మడుగును వెతకడం. పథకం అందిన ఊరిని చూడడం ఎవరికైనా వచ్చు. అందని ఊరిని, అన్ని విధాలా మొదటిదానికి సాటి అయినదాన్ని, వెతికి పట్టుకోవడంలోనే విద్య ఉంది.

హైదరాబాదులో సూక్ష్మరుణాల మీద జరిగిన అధ్యయనం దీనికి మంచి సాక్ష్యం. 2000 తర్వాతి దశాబ్దంలో పేద ఇళ్ల ఆడవాళ్లకు గుంపులుగా చిన్న అప్పులిచ్చే సంస్థలు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేగంగా విస్తరించాయి. ఈ అప్పులు పేదరికాన్ని తుడిచిపెడతాయని ఒక పక్షం, కుటుంబాలను కూల్చేస్తున్నాయని మరో పక్షం గట్టిగా వాదించుకున్నాయి. అప్పు తీసుకుని కిరాణా కొట్టు పెట్టుకున్న ఇల్లాలు ఒక పక్షానికి కనబడితే, వాయిదా కట్టలేక ఊరు వదిలిన ఇల్లాలు మరో పక్షానికి కనబడింది. ఇద్దరూ నిజమే. కానీ ఆ ఏళ్లలో నగరమే పెరుగుతోంది, పనులు పెరుగుతున్నాయి. కొట్టు పెట్టిన ఇల్లాలు అప్పు లేకుండా కూడా పెట్టగలిగేదేమో. అప్పు అక్కడ కారణమో, అన్యథాసిద్ధమో ఒక్క ఇంటిని చూసి చెప్పలేం.

అర్థశాస్త్రవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచెల్ గ్లెన్నర్‌స్టర్, సింథియా కిన్నన్ హైదరాబాదులోని 104 బస్తీలను తీసుకుని, లాటరీ పద్ధతిలో 52 బస్తీలను ఎంపిక చేశారు. ఒక సూక్ష్మరుణ సంస్థ ముందుగా ఆ 52 బస్తీల్లో అడుగుపెట్టింది. ఏడాదిన్నర దాటేలోపు అన్ని బస్తీల్లోనూ ఇళ్లను సర్వే చేశారు. అప్పు అందుబాటులోకి వచ్చినచోట మన్నికైన వస్తువుల కొనుగోలు పెరిగింది. అప్పటికే నడుస్తున్న వ్యాపారాల్లో కొన్ని పుంజుకున్నాయి. చిల్లర వ్యసనాల మీద ఖర్చు కొంత తగ్గింది. ఇంటి మొత్తం వాడుకలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆరోగ్యంలో, పిల్లల చదువులో, ఆడవాళ్ల మాట చెల్లుబాటులో కూడా లేదు. అద్భుతమూ జరగలేదు, సర్వనాశనమూ జరగలేదు. ఈ పరిశోధన పత్రం 2015లో పూర్తి రూపంలో అచ్చయింది. అప్పటికే 2010లో రాష్ట్రంలో రుణసంక్షోభం ముదిరి, ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆ సంస్థల వసూళ్లకు పగ్గాలు వేసింది.

ఈ ఫలితం ముందు ఒక్క క్షణం ఆగాలి. అధ్యయనం చెప్పింది సగటు. సగటులో, బాగుపడిన ఇల్లు, చితికిపోయిన ఇల్లు ఒకదాన్నొకటి కొట్టివేసుకుని సున్నా కావచ్చు. వంద ఇళ్లకు కొద్దికొద్దిగా మేలు చేసి ఒక్క ఇంటిని వీధిన పడేసిన పథకం మంచిదా అన్న ప్రశ్నకు గణితంలో జవాబు లేదు. అది నీతికి సంబంధించిన ప్రశ్న. శిక్షణ పొందినవారు సగటు పక్కనే అంచుల్లో ఏం జరిగిందో కూడా రాయడం అలవాటు చేసుకోకపోతే, చితికిన ఇల్లు లెక్కలోంచే మాయమవుతుంది.

ఇంకో వినయం కూడా తర్కసంగ్రహంలోనే దొరుకుతుంది. నిప్పు లేకపోయి ఉంటే పొగ ఉండేది కాదు అన్న తరహా ఆలోచనకు అక్కడ తర్కం అని పేరు. అన్నంభట్టు దాన్ని ప్రమాణాల్లో, అంటే జ్ఞానసాధనాల్లో, చేర్చలేదు. సంశయంతో, భ్రమతో పాటు అయథార్థమైన అనుభవాల జాబితాలో పెట్టాడు. అది జ్ఞానానికి సాయపడుతుంది గాని, తానే జ్ఞానం కాదు. పథకం లేకపోయి ఉంటే ఈ కుటుంబం ఏమయ్యేది అన్నది ఎంత గొప్ప పద్ధతితో లెక్కించినా ఎవరూ కళ్లారా చూడని విషయం. తత్త్వవేత్త నాన్సీ కార్ట్‌రైట్, అర్థశాస్త్రవేత్త ఆంగస్ డీటన్ కలిసి 2018లో లాటరీ ప్రయోగాల మీద రాసిన విమర్శ కూడా ఇదే దిశలో సాగుతుంది. ఒకచోట పనిచేసింది మరోచోట పనిచేస్తుందని ఆ ప్రయోగం ఒక్కటే హామీ ఇవ్వలేదు.

సాటి ఊరిని వెతకడంలో నైతికమైన ముల్లు ఒకటుంది. పోల్చి చూడడం కోసం కొందరికి ఇవ్వకుండా ఆపవచ్చునా? ఉన్న వనరులు అందరికీ చాలనప్పుడు చీట్లు వేసి ఎంచుకోవడం పలుకుబడిని చూసి ఎంచుకోవడం కన్నా న్యాయమైనదే. ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో పేద పిల్లలను ప్రైవేటు బడులకు పంపడానికి ఇచ్చిన ఫీజు సాయం అలాగే లాటరీ ద్వారా అందింది. తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టుకున్నారు, చీటీ పడినవారు చేరారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్ల తర్వాత చూస్తే, ఆ పిల్లలు తెలుగులో, లెక్కల్లో సర్కారు బడి పిల్లలను మించలేదు. హిందీలో మాత్రం ముందున్నారు. అయితే ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. ప్రైవేటు బడులను సమర్థించేవారి వాదననూ, వ్యతిరేకించేవారి వాదననూ తడబడేలా చేసిన ఫలితమిది. చాలని వనరును చీటీతో పంచడం వల్లనే తెలిసింది.

చేతిలో మందు ఉండి కూడా జ్ఞానం కోసం ఆపడం వేరు, అది పాపం. అమెరికాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ సోకిన పేద నల్లజాతి పురుషులకు పెన్సిలిన్ దొరకడం మొదలయ్యాక కూడా ఇవ్వకుండా రోగం ఎలా ముదురుతుందో గమనించారు. ఆ ఘోరం బయటపడ్డాక 1979లో వచ్చిన బెల్మాంట్ నివేదిక వ్యక్తుల పట్ల గౌరవం, మేలు, న్యాయం అనే మూడు సూత్రాలు పెట్టింది. మనుషుల మీద జరిగే ఏ అధ్యయనానికైనా నేటికీ అవే పునాది.

తెలుగు నేల మీది ఉదాహరణ ఖమ్మం జిల్లాది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను ప్రభుత్వ వ్యవస్థ ద్వారా ఎలా అందించవచ్చో చూడడానికి 2009లో అక్కడ పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల బాలికలు సుమారు 14 వేలమందికి టీకాలు వేశారు. వారిలో ఆశ్రమ హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు చాలామంది. కొన్ని మరణాల వార్తలతో ఆందోళన రేగి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. మరణాలకు, టీకాకు సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. కానీ సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారన్నది తేలింది. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం దీన్ని తీవ్రంగా ఖండించింది. టీకా మంచిదే అయి ఉండవచ్చు. హాని జరగకపోయి ఉండవచ్చు. అయినా తప్పు తప్పే. ఫలాన్నిబట్టి మాత్రమే మంచిచెడ్డలు తేల్చే లెక్కకు ఈ తప్పు కనబడదు, ఎందుకంటే ఇది ఫలంలో లేదు. తండ్రిని అడగకుండానే అతని బిడ్డ చెయ్యి పట్టుకోవడంలో ఉంది. మూల్యాంకనం నేర్పే ఏ తరగతిలోనైనా గణాంకాలకు ముందు ఈ కథ చెప్పాలి.

ఎవరి మాట సాక్ష్యం అన్న ప్రశ్న ఇక్కడినుంచే పుడుతుంది. న్యాయశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానంతో పాటు శబ్దాన్ని, అంటే ఆప్తుడి మాటను, నాలుగో ప్రమాణంగా ఒప్పుకుంది. ఆప్తుడంటే విషయాన్ని నేరుగా ఎరిగి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలని కోరేవాడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఈ లక్షణం ఋషికి, ఆర్యుడికి, మ్లేచ్ఛుడికి సమానమని తేల్చాడు. కులాన్ని, హోదాను లెక్కించిన సమాజంలో ఉండి రాసిన మాట ఇది. మాట విలువ చెప్పేవారి పుట్టుకలో లేదు, వారు విషయాన్ని ఎరిగి ఉండడంలో, దాచకుండా చెప్పడంలో ఉంది. ఈ లెక్కన చెరువు పూడిక తీసిన పనిలో ఎన్ని రోజులు గడిచాయో చెప్పడానికి అర్హురాలు గడ్డపార పట్టిన కూలీ. పుస్తకంలో అంకె వేసిన ఉద్యోగి కాదు.

ఉపాధి హామీ చట్టం కింద జరిగిన సామాజిక తనిఖీ ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టింది. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ నడిపిన బహిరంగ విచారణ దీనికి మూలం. 2005 నాటి చట్టంలో పదిహేడో సెక్షన్ ఆ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. తనిఖీని క్రమబద్ధంగా, రాష్ట్రమంతటా నడిపించడంలో ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపింది. 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీనే ఏర్పాటు చేసింది.

ఆ శిక్షణ తీరు ప్రత్యేకించి చెప్పుకోదగ్గది. కూలీల కుటుంబాలకు చెందిన, ఎంతో కొంత చదువుకున్న యువతీయువకులను ఎంచుకుని, వారికి కొద్ది రోజులు నేర్పించేవారు. మస్టర్ రోల్ చదవడం, కొలతల పుస్తకంలోని ఘనపు మీటర్లను గుంట దగ్గరికి వెళ్లి టేపుతో సరిచూడడం, జాబ్ కార్డును, పాసు పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి తేడాలు పట్టడం అందులో పాఠాలు. తర్వాత ఇంటింటికీ వెళ్లి, పేరు చదివి, పని చేశారా, ఎన్నాళ్లు చేశారు, ఎంత వచ్చింది అని అడగాలి. సొంత ఊళ్లో తనిఖీ చేయకూడదు. పనులు చేయించినవారి ఇంట అన్నం తినకూడదు. చివరి నియమం వినడానికి చిన్నది. ఊరి మర్యాదలు తెలిసినవారికి అది ఎంత కష్టమో, ఎంత అవసరమో తెలుసు.

సాక్ష్యం నేరుగా వచ్చినంత మాత్రాన నిర్దుష్టం కాదు. కూలీ రోజులు మరిచిపోవచ్చు. ఫీల్డ్ అసిస్టెంటుకు భయపడి మాట మార్చవచ్చు, వచ్చే వారం పని దొరకదేమోనని నోరు మూసుకోవచ్చు. అందుకే మాటను కాగితంతో, కాగితాన్ని గుంటతో కలిపి చూస్తారు. ఒకే విషయాన్ని వేర్వేరు ప్రమాణాలు కలిసి నిలబెట్టడాన్ని నైయాయికులు ప్రమాణసంప్లవం అన్నారు. మూడూ కలిసినచోట సందేహం తీరుతుంది. కలవనిచోట ఆ తేడానే నివేదికలోకి ఎక్కాలి. ఏదో ఒకదాన్ని గెలిపించి రాయకూడదు.

కొలత పాతబడేకొద్దీ దాన్ని తప్పించుకునే దారులూ పుడతాయి. ఒక అంకెను నిర్ణయాలకు ఎంత ఎక్కువగా వాడితే, దాన్ని చెడగొట్టే ఒత్తిడి అంత పెరుగుతుందని సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలోనే హెచ్చరించాడు. ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీల నివేదికలను పరిశీలించిన ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఐవర్సన్ కూడా, తనిఖీలు మళ్లీ మళ్లీ జరిగినా అక్రమాలు మొత్తమ్మీద తగ్గలేదనీ, సులువుగా పట్టుబడేవి పోయి కష్టంగా పట్టుబడేవి పెరిగాయనీ గమనించారు. తప్పు బయటపడితే చాలదు, శిక్ష కూడా పడాలి. పరీక్షించేవారి అధికారం తప్పును బయటపెట్టేదాకానే. శిక్షించే అధికారం మరొకరిది, అక్కడ పని ఆగితే తనిఖీ సత్యం గాలిలో ఉండిపోతుంది.

ఇప్పుడు మొదటి సందేహం మరో రూపంలో ఎదురవుతుంది. ఫలాపేక్ష లేకపోవడం ఈ వ్యవహారంలో నిజంగా ఎవరికి కావాలి? పరీక్షించేవారికి. పథకం గెలవాలనో ఓడాలనో కోరిక ఉన్నవారికి కంటి ముందున్నది కనబడదు. మూల్యాంకన సిద్ధాంతవేత్త మైకేల్ స్క్రివెన్ 1972లో ప్రతిపాదించిన పద్ధతిలో, మూల్యాంకనం చేసేవారు పథకం ప్రకటించిన లక్ష్యాలను కావాలనే తెలుసుకోకుండా రంగంలోకి దిగి, జరిగింది ఏమిటో మాత్రమే చూస్తారు. అది మనసు మీద పెట్టుకునే ఒక నిగ్రహం. అమెరికన్ ఇవాల్యుయేషన్ అసోసియేషన్ 1994లో ఆమోదించి 2018లో సవరించిన మార్గదర్శక సూత్రాల్లో నిజాయితీకి, మనుషుల పట్ల గౌరవానికి, ప్రజాహితానికి పద్ధతితో సమానమైన చోటు ఇచ్చారు. అయినా కట్టుబాటు కాగితం మీద ఉండడం వేరు, పరీక్షకు డబ్బిచ్చే సంస్థే పరీక్షకు గురయ్యేది అయినప్పుడు ఆ కట్టుబాటు నిలబడడం వేరు. ఈ ఒత్తిడిని తట్టుకోవడం నేర్పని శిక్షణ అసంపూర్ణమనే చెప్పాలి.

అప్రియమైన మాటకు ఫలితం ఉంటుందనడానికి దేశ చరిత్రలో నిదర్శనముంది. సమాజాభివృద్ధి పథకాన్ని పరిశీలించిన బల్వంతరాయ్ మెహతా బృందం, ఊరివారి చొరవను మేల్కొల్పడంలో పథకం విఫలమైందని 1957లో నిర్మొహమాటంగా రాసింది. దానికి విరుగుడుగా మూడంచెల స్థానిక పాలనను సూచించింది. రెండేళ్లకే, 1959లో, రాజస్థాన్ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ మొదలైంది.

ఫలితాన్ని ఎవరికి చెప్పాలన్నది మిగిలిన ప్రశ్న. మామూలుగా నివేదిక డబ్బిచ్చినవారికి, ప్రభుత్వానికి, పత్రికలకు వెళుతుంది. ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది. గంటల తరబడి ప్రశ్నలకు జవాబు చెప్పిన ఇల్లాలికి చేరేది అరుదు. ఫలం గ్రహీతదే అయితే ఆ ఫలం గురించిన జ్ఞానం కూడా ముందు ఆమెదే కావాలి. సామాజిక తనిఖీలో ఈ పని జరిగింది. దొరికిన సంగతులను గ్రామసభలో చదివి, ఆ తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, కూలీలు, సర్పంచులు, అధికారులు అందరూ వింటుండగా తెలుగులో మళ్లీ చదివారు. సాక్ష్యమిచ్చినవారు అక్కడే లేచి తమ మాటను ఒప్పుకోవచ్చు, సరిదిద్దవచ్చు, కాదనవచ్చు. సంబంధిత ఉద్యోగి అక్కడే సమాధానం చెప్పాలి. మిగతా మూల్యాంకనాలకూ ఈ అంకం తప్పనిసరి చేయాలి. ఎవరి జీవితం గురించి రాశారో వారు విన్న తర్వాతే నివేదిక పూర్తయినట్టు లెక్క. రాసింది తప్పని వారు అంటే, ఆ అభ్యంతరం కూడా నివేదికలో వారి మాటల్లోనే చేరాలి.